అమ్మ పీకేసిన కలుపు

తొలకరి పడ్డ పదిహేను రోజులూ మా అమ్మకి పిట్టలతో యుద్ధం.

అరకు లోయలో రోడ్డు పక్కన మా ఇల్లు. ఇంటి ముందు అమ్మ నడిపే ఇడ్లీ హోటలు, వెనక నాలుగు బారల పెరడు. ఆ పెరట్లో ఆవిడ వేసేది కొత్తిమీర, వంగ, కంచె పొడుగునా చిక్కుడు పాదు. మొలిచేది మాత్రం ఇంకేదో. ఓ మూల చోడి మొక్క, ఓ మూల సామ, వంగ మొక్కల మధ్య కంది, ఒక ఏడాది ఏకంగా జొన్న. "ఈ పిట్టలకి రెట్టెయ్యడానికి నా పెరడే దొరికిందేటి" అంటూ చీర ఎగ్గట్టి ఒక్కోదాన్నీ వేళ్ళతో సహా పీకి కంచె అవతల పారేసేది. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ ఇదే తంతు. నేను పెరిగి పంతులమ్మనై, ఘాటీ దిగి శృంగవరపుకోటలో కాపురం పెట్టాక కూడా, జూన్‌లో ఫోను చేస్తే మొదటి కబురు అదే. "ఈ ఏడు మరీ ఎక్కువ మొలిసాయే గుంటా. నడుం ఇరిగిపోతంది."

ఇంకో గొడవ కూడా ఉంది. విత్తనానికని ముదరబెట్టిన చిక్కుడు కాయలు ఏటా ఎండలు ముదిరే వేళకి పాదు మీంచి మాయమయ్యేవి. అన్నీ కాదు, ఓ గుప్పెడు. ఆ నేరం కోతుల ఖాతాలో పడేది. పాదంతా పీకి పందిరేసే కోతులకి గుప్పెడుతో సరిపెట్టుకునే మర్యాద ఎప్పుడొచ్చిందో మా ఇంట్లో ఒక్కరం ఆలోచించలేదు. చదువుకున్నదాన్ని, నేనూ ఆలోచించలేదు.

మేం కొండవాళ్ళం కాదు. మా నాన్నది చీపురుపల్లి వైపు ఊరు. కొండలు తొలిచి రైలు మార్గం వేశాక, ఆ పట్టాలు కనిపెట్టుకుని తిరిగే గ్యాంగ్‌మన్ ఉద్యోగంలో ఇక్కడికొచ్చాడు. ఎక్కడో బస్తర్ కొండల్లో తవ్విన ఇనప రాయి ఆ పట్టాల మీదుగా విశాఖపట్నం పోయి, ఓడలెక్కి పరాయి దేశం పోయేది. "రాయికి దారి దొరికింది, మీ నాన్న మాత్రం ఇక్కడే దిగబడిపోనాడు" అనేది అమ్మ. ఆవిడ పెళ్ళయి పైకొచ్చింది చలికాలంలో. మొదటి నెలంతా దుప్పటి కప్పుకుని ఏడ్చిందట. రెండో నెలలో ఇడ్లీ పాత్ర తెప్పించుకుందట.

ఇల్లెలా కట్టారని అడక్కండి, కాస్త ఇబ్బందిగా ఉంటుంది. కొండమీద నేల కొండవాళ్ళదే, కిందనుంచి వచ్చినవాళ్ళు కొనకూడదని చట్టం. మంచి చట్టం. అది లేకపోతే ఈపాటికి లోయ అంతా రిసార్టులే ఉండేవి, మా అమ్మ చిక్కుడు పాదు ఏ స్విమ్మింగ్ పూల్‌లోనో మునిగేది. మా పక్కింటివాళ్ళు కొండవాళ్ళు. ఆ ఇంటి పెద్దాయన మా నాన్నతో స్నేహం కలిసి, తన చేను అంచున "ఇక్కడ గుడిసేసుకో" అన్నాడు. ఆయన అన్నాడు, నాన్న వేసుకున్నాడు. గుడిసె పెంకుటిల్లయింది. కాగితం అన్నది లేదు. ఆ పెద్దాయనా పోయాడు, మా నాన్నా పోయాడు. ఇప్పుడు ఆ ఇంటికి పెద్ద ఆయన కోడలు. ఆవిడా మా అమ్మా ఒకర్నొకరు వదినా అని పిలుచుకుంటారు, నాకు ఆవిడ పక్కింటత్త.

ఊళ్ళో మిగతావాళ్ళు మా అమ్మని కిందూరమ్మ అంటారు. కిందనుంచి వచ్చిందని. చీపురుపల్లి వెళితే అక్కడి చుట్టాలు కొండమ్మ అంటారు. పైనుంచి దిగిందని. పెళ్ళిళ్ళలో మా పెద్దమ్మ "కొండమ్మ వచ్చింది, తేనె తెచ్చిందేమో సూడండి" అనేది. మా అమ్మకి తేనె ఎవరమ్ముతారో కూడా తెలీదు. ఇక టూరిస్టులది మరో తీరు. హోటలు ముందు కారాపి, "ఆంటీ, మీరు ట్రైబల్సేనా? ఒక్క ఫొటో" అని పక్కన నిలబడతారు. ముక్కుకి రెండు పక్కలా ముక్కుపుడకలు చూసి మోసపోతారు పాపం, అవి చీపురుపల్లిలో కుట్టించుకున్నవి. "రెండు ప్లేట్లు తింటే ట్రైబల్సే" అంటుంది అమ్మ. వాళ్ళు తింటారు.

అసలు ఈ లోయలో దేన్ని కదిపినా ఎక్కడినుంచో వచ్చిన కథ ఒకటి రాలుతుంది. ఈ రోడ్డునే చూడండి. మొదట తెల్లదొర తన గుర్రం కొండెక్కడానికి వేయించాడు. వేసింది కొండవాళ్ళే. కూలి లేదు, గంజి లేదు, వెట్టి. పక్కింటత్త మామగారి తాత ఆ రాళ్ళు మోసి మోసి ఒకరోజు తట్ట అక్కడే దించేసి, విల్లు తీసుకుని దొరల మీద తిరగబడ్డ వాళ్ళలో కలిశాడని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఆయన దించిన తట్ట ఎక్కడో చూపించమంటే ఒక్కో ఏడు ఒక్కో మలుపు చూపిస్తారు. దొర పోతూ పోతూ కాఫీ మొక్క వదిలిపోయాడు. దానికి నీడ కావాలని సముద్రాలు దాటి సిల్వర్ ఓక్ చెట్టు వచ్చింది. ఇప్పుడా చెట్టు కింద నిలబడి టూరిస్టులు "ఎంత నేచురల్‌గా ఉందో" అంటారు. ఆ కాఫీ పండించేవాళ్ళు మా అమ్మ హోటల్లో టీ తాగుతారు.

కొండవాళ్ళు మాకంటే ముందునుంచీ ఉన్నారు, ఆ మాట ఎవరూ కాదనలేరు. కానీ వాళ్ళనీ ఎవరూ ఉన్నచోట ఉండనివ్వలేదు. పక్కింటత్త అత్తగారు, మా చిన్నప్పుడు మాకు కాల్చిన చింతగింజలు పెట్టే ముసలమ్మ, పుట్టింది ఒడిశా వైపు. అక్కడ పెద్ద డ్యాము కట్టి కరెంటు తీశారు. వాళ్ళ ఊరు నీళ్ళలో పోయింది. కరెంటు ఎవరికి వెళ్ళిందో ఆవిడకి తెలీదు, మా ఊరికి మాత్రం చాలా ఏళ్ళ తరవాత వచ్చింది. మొదటిసారి బల్బు వెలిగినప్పుడు ఆ ముసలమ్మ దాన్ని తేరిపార చూసి, "మా ఊరు ఇందులో ఉందన్నమాట" అందట. ఈ మాట చెప్పి పక్కింటత్త నవ్వుతుంది. వినేవాళ్ళం కూడా నవ్వుతాం, కాసేపయ్యాక బల్బు వైపు చూడబుద్ధి కాదు.

ఇప్పుడు పండగ సంగతి చెప్పాలి. మా అమ్మ నలభై ఏళ్ళ కోపమంతా అందులోనే ఉంది.

చైత్రంలో కొండవాళ్ళ ఇటుకల పండగొస్తుంది, వేటకీ విత్తనాలకీ కలిపి చేసే పండగ. మగవాళ్ళు విల్లంబులు పట్టుకుని వేటకి పోతారు. పూర్వం అడివి పంది లేకుండా వచ్చేవాళ్ళు కాదట. ఇప్పుడు ఫారెస్టు వాళ్ళ భయానికి సెల్‌ఫోన్లో పాటలు వింటూ కొండెక్కి, పాటలు వింటూనే దిగొస్తారు. ఉత్త చేతుల్తో వచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లుతారు. అందరూ ఉత్త చేతుల్తోనే వస్తారు కనక అందరికీ స్నానమే. ఆ రోజుల్లో ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా వెదురు కర్ర పెట్టి, వచ్చే పోయే బండినల్లా ఆపి, చుట్టూ తిరిగి పాటలు పాడతారు. చేతిలో ఏదో ఒకటి పెడితేగాని కర్ర లేవదు. దొర వేయించిన రోడ్డు మీద ఏడాదికి నాలుగు రోజులు వాళ్ళదే గేటు.

వీటన్నిటి మధ్య అసలు పని విత్తనాలది. ప్రతి ఇంటినుంచీ ఆ ఇంట ఉన్న విత్తనం ఓ గుప్పెడు, ఆకు దొన్నెలో పెట్టి, ఊరవతల రాళ్ళ మధ్య ఉన్న శంకుదేవుడి దగ్గరికి తీసుకుపోతారు. ఊరికి మంచీ చెడూ రోజులు చూసి చెప్పే ముసలాయన ఒకడుంటాడు, దిసారి అంటారు. ఆయన అన్ని దొన్నెలూ ఒకే బుట్టలో ఒంపి, కోడిని కోసి, చేత్తో కలియబెడతాడు. అలా కలిసిన గింజలు మళ్ళీ ఇంటికో గుప్పెడు పంచుతాడు. ఎవరి సామలు ఎవరి ఇంటికి పోయాయో ఎవరికీ తెలీదు, ఎవరూ అడగరు.

మా అమ్మ ఇదంతా హోటలు బల్ల మీద కూర్చుని నలభై ఏళ్ళుగా చూస్తోంది. చూసి చూసి ఏటా నాతో అనేది ఒకటే. "ఊరంతా నా సేతి ఇడ్లీ తింటారు. జొరమొస్తే నా దగ్గరికే మాత్తరకి వత్తారు. ఒక్క ఏడైనా, ఒక్క మనిసైనా గుమ్మంలోకొచ్చి బొట్టెట్టి, నీ గింజలు కూడా ఇయ్యమ్మా అని పిలిసారేటే?"

పిలుపు దగ్గర మా అమ్మకి రాజీ లేదు. కిందవాళ్ళం కదా, మా మర్యాదలు అలాంటివి. పక్క గోడవాళ్ళైనా సరే, కుంకుమ భరిణె పట్టుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి, బొట్టు పెట్టి పిలిస్తేనే పిలుపు. మా మావయ్య గృహప్రవేశానికి ఫోన్లో పిలిచాడని ఆవిడ వెళ్ళలేదు. సొంత తమ్ముడు. "ఫోన్లోంచి బొట్టెట్టాడేటి?" అని మూడేళ్ళు మాట్లాడలేదు. నాలుగో ఏడు ఆయన భార్యతో భరిణె పట్టుకుని ఘాటీ ఎక్కి వచ్చి, అయిపోయిన గృహప్రవేశానికి పిలిచాడు. అప్పుడు వెళ్ళొచ్చింది.

పోయిన శీతాకాలంలో రోడ్డువాళ్ళు వచ్చారు. టేపులతో కొలిచి, హోటలు గోడ మీద ఎర్ర రంగుతో ఓ గీత, పక్కన ఓ నంబరు వేసి పోయారు. రోడ్డు వెడల్పు చేస్తారట. గీత లోపలున్నది అంతా పోతుంది. హోటలూ పోతుంది, ముందు గదీ పోతుంది. వెనకగదీ పెరడూ మిగులుతాయి. ఆ విషయం అమ్మ ఫోన్లో ఎలా చెప్పిందంటే, "దొర మళ్ళీ గుర్రమెక్కి వత్తన్నాడే" అంది.

నేను ఆ ఆదివారమే బస్సెక్కి పైకెళ్ళాను. శృంగవరపుకోట వచ్చేయమన్నాను. రెండు గదుల ఇల్లు ఖాళీగా ఉంది, వేడినీళ్ళున్నాయి, డాక్టరున్నాడు, అక్కడైతే ఎవరూ కిందూరమ్మ అనరు. హోటలు లేకుండా ఒంటరిగా వెనకగదిలో కూర్చుని ఏం చేస్తావని అడిగాను. ఆవిడ తోముతున్న గిన్నెలన్నీ కడిగి బోర్లించింది.

"వత్తాను. పండగెల్లనీ. ఈ ఊరికి నాను మనిసినా, ఇడ్లీ పాత్రనా, అది తేల్చుకుని వత్తాను" అంది చివరికి.

"ఏం తేల్చుకుంటావు?"

"ఈ ఏడు ఎవరైనా గింజలకి నన్ను పిలిత్తే, నాను ఈ ఊరిదాన్నే అనుకుని ఆ ఎనకగదిలోనే పడుంటాను. పిలవకపోతే నీతో దిగిపోతాను. మళ్ళీ ఈ ఘాటీ ఎక్కను. నన్ను పిలవని ఊళ్ళో నానేల?"

"అత్తకి ఒక్క మాట చెప్పరాదూ, వాళ్ళే పిలుస్తారు."

"అడిగి పిలిపించుకుంటే అది పిలుపేటే?" అంది. నిజమే, ఆ న్యాయం ప్రకారమే మా మావయ్య మూడేళ్ళు శిక్ష అనుభవించాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. ఎవరూ పిలవకపోతే బాగుణ్ణని నేను లోలోపల అనుకున్నాను. ఆవిణ్ణి నా దగ్గరికి తెచ్చుకోడానికి అంతకంటే సులువైన దారి కనపడలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

పండక్కి రెండు రోజులు ముందే సెలవు పెట్టి బయల్దేరాను. ఊరి మలుపు దగ్గర వెదురు కర్ర అడ్డం పడి మా బస్సు ఆగింది. ఆడవాళ్ళు చుట్టుముట్టి పాట అందుకున్నారు. కర్ర రెండో కొస పట్టుకున్నది మా పక్కింటత్తే. అరవై దాటిన మనిషి, తల్లో పూలు, కాళ్ళకి గజ్జెలు. నన్ను చూసి, "పంతులమ్మా, కిందకెల్లి ఎక్కువ సదివేసినావు, నువ్వు రెండింతలు ఇయ్యాల" అని చెయ్యి చాపింది. ఇచ్చాను. నవ్వుతూనే ఇచ్చాను గానీ లోపల లెక్క ఒకటి పడింది. చింతగింజలు పెట్టి పెంచిన ఇంటివాళ్ళే నన్ను టూరిస్టు కార్లతో సమానంగా ఆపుతున్నారంటే మా అమ్మ అనుమానం నిజమేనన్నమాట.

విత్తనాల రోజు పొద్దున్నే అమ్మ తలంటుకుంది. హోటలు తెరవలేదు. నాన్న పోయిన పన్నెండు రోజులు తప్ప ఆ పొయ్యి ఆరడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఆకుపచ్చ అంచు నేత చీర కట్టుకుని, చిక్కుడు గింజలు ఓ గుప్పెడు ఏరి అడ్డాకు దొన్నెలో పోసి, దొన్నె ఒళ్ళో పెట్టుకుని బయటి బల్ల మీద కూర్చుంది. ఎవరైనా వచ్చి పిలిస్తే లోపలికెళ్ళి తెచ్చే ఆలస్యం కూడా ఉండకూడదని. పైట కొంగు మాత్రం దాని మీద కప్పుకుంది, ఎదురు చూస్తున్నట్టు తెలియకూడదని.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే దొన్నెలతో మా ముందునుంచి పోతున్నారు. అందరూ పలకరించినవాళ్ళే. "కిందూరమ్మా, ఒంట్లో బాలేదేటి, హోటలు కట్టేసినావు?" అని ఒకావిడ. "కొత్త సీరా?" అని ఇంకో ఆవిడ. అమ్మ ప్రతివాళ్ళకీ ముందుకి వంగి నవ్వుతూ జవాబు చెప్పింది. ప్రతివాళ్ళూ విని ముందుకి నడిచారు. డప్పులు మా ఇల్లు దాటి, మలుపు తిరిగి, రాళ్ళ వైపు పోయాయి. రోడ్డు ఖాళీ అయింది.

అమ్మ లేచి లోపలికెళ్ళింది. దొన్నెలో గింజలు మళ్ళీ డబ్బాలో పోసి మూత బిగించింది. ఆ మూత పడలేదు, రెండుసార్లు కొట్టాల్సొచ్చింది.

"నా బట్టలు సద్దు" అంది, నా వైపు తిరక్కుండానే.

నేను కోరుకున్నది అదే కదా. సంతోషించాలి. నాకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది. మా అమ్మని ఈ ఊళ్ళోంచి తీసుకుపోవాలనుకున్నది నేను, వెళ్ళగొట్టడానికి వీళ్ళెవరు? చెప్పులు కూడా వేసుకోకుండా పక్కింటికి పోయాను.

పక్కింటత్త ఇంకా బయల్దేరలేదు. అరుగు మీద కూర్చుని ఆకులు కుడుతోంది. నేను గుమ్మంలోంచే అందుకున్నాను. నలభై ఏళ్ళు మీకు ఇడ్లీలు పెట్టిన మనిషి అన్నాను, మీ మనవడికి నీళ్ళు పోసిన చేతులు అన్నాను, ఒక్క పిలుపుకి ఏం అరిగిపోతారన్నాను, గోడ పోతోందని తెలిసి కూడా ఒక్కరికీ మనసు రాలేదా అన్నాను. బడిలో ఎనిమిదో క్లాసు పిల్లల్ని తిట్టేటప్పుడు వాడే మాటలు కూడా కొన్ని దొర్లాయి. ఆవిడ చేతిలో పని ఆపి, నోరు తెరిచి, అంతా విన్నది.

"మీ అమ్మని పిలవాలా?" అంది.

"ఎందుకు పిలవకూడదు?"

"సొంతూరోళ్ళని ఎవరన్నా పిలుత్తారేటే?" అని నవ్వడం మొదలెట్టింది. నవ్వలేక ఆయాసపడి గుంజకి ఆనుకుంది. "పిలిత్తే సుట్టాలని అర్దం. సుట్టాలు గింజలు తేకూడదు, కూకుని బువ్వ తిని పోవాల. మా అత్తోళ్ళ ఊరు మునిగిపోయి ఇక్కడికి వచ్చినప్పుడు ఆల్లనెవరు పిలిసారు? కుండలో గింజలు పట్టుకొచ్చి బుట్టలో పోసేసినారు, ఊరోళ్ళయిపోనారు. ఎవరి గింజలు ఆల్లే తేవాల. అదే కదా పండగ."

"మరి మా అమ్మకి ఆ సంగతి ఎవరు చెప్పారు?"

"సెప్పాలా?" అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. "మీ అమ్మ వచ్చిన ఏడు మా అత్త అంది, ఆ పిల్ల కిందనుంచి వచ్చింది, సిగ్గు పడతన్నట్టుంది, ఆల్లింటి గుప్పెడు కూడా నువ్వే పట్టుకెల్లు అని. అప్పట్నుంచి నానే పట్టుకెల్తన్నాను."

అప్పుడు చూశాను. ఆవిడ పక్కన దొన్నెలు రెండున్నాయి. ఒకదాంట్లో సామలు. రెండోదాంట్లో నల్లగా, తెల్ల అంచుతో చిక్కుడు గింజలు. చీపురుపల్లి నుంచి మా అమ్మ పెళ్ళి పెట్టెలో తెచ్చుకున్న రకం. ఈ లోయలో మా కంచె మీద తప్ప ఇంకెక్కడా లేదు.

ఆ దొన్నెతో పాటు ఆవిణ్ణి కూడా పట్టుకుని మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ గదిలో నేల మీద కూర్చుని చీరలు మడతపెడుతోంది. అత్త ఆవిడ ముందు దొన్నె పెట్టి జరిగింది చెప్పింది. అమ్మ ఓ గింజ తీసి దాని తెల్ల అంచు వేలితో తడిమింది.

"కోతులనుకున్నాను" అంది.

"నాను కోతినేటి వదినా?"

"నలబై ఏళ్ళనుంచీ?"

"నడుమ ఒక ఏడు నాకు పురుడొచ్చింది, అప్పుడు మా అత్త కోసింది."

అమ్మ చేతిలో చీర పక్కన పెట్టింది. తరవాత ఏదో తట్టినట్టు తలెత్తింది. "మరి ఆ బుట్టలోంచి మా ఇంటికని గుప్పెడు ఇచ్చేవారు కదా. అదేం సేసేదానివి?"

"కంచె మీంచి మీ పెరట్లో సల్లేదాన్ని. తొలకరికి ముందు."

అమ్మ చూపు మెల్లగా వెనక తలుపు మీదుగా పెరట్లోకి పోయింది. చోడి, సామ, కంది, ఆ ఏడాది జొన్న. ఊరు మొత్తం ఇంటికో గింజ చొప్పున నలభై ఏళ్ళు ఆవిడ పెరట్లోకి వచ్చింది, ఆవిడ నలభై ఏళ్ళూ నడుం విరిగేలా పీకి అవతల పారేసింది.

"నాను పీకేత్తంటే సూసేవారా?"

"ఎందుకు సూడం? ఏటా సూసేవోళ్ళం. కిందోళ్ళకి సామలు పడవు కాబోలు, అయినా మన పని మనం సెయ్యాల అనేది మా అత్త."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాను. మొదట నవ్వే. తరవాత ఏడ్చింది, చిన్నపిల్లలా, ముక్కు ఎగబీలుస్తూ. నాన్న పోయినప్పుడు కూడా నేను ఆవిణ్ణి అలా చూళ్ళేదు. అత్త పక్కన కూలబడి, "ఊరుకో వదినా, దిసారి కేకలేత్తాడు, బేగి పద" అని వీపు నిమిరింది. అమ్మ లేచి మొహం కడుక్కుంది. డబ్బా మూత తీసి తన గింజలు తనే దొన్నెలో పోసుకుంది. అత్త తెచ్చిన దొన్నె కూడా వదల్లేదు. రెండు చేతుల్లో రెండు దొన్నెలు పట్టుకుని నడిచింది. నలభై ఏళ్ళ బాకీలో మొదటి కిస్తీ అంది.

మేం వెళ్ళేసరికి రాళ్ళ దగ్గర జనం విసుగ్గా ఉన్నారు. ఎండ నెత్తికొచ్చింది. కోడి కాళ్ళు కట్టేసి సిద్ధంగా ఉంది. కుర్రవాళ్ళు కానియ్యమని తొందరపెడుతున్నారు. దిసారి బుట్ట మీద చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. మేం ఆయన వెనక వైపునుంచి వస్తున్నాం, మమ్మల్నాయన చూడలేదు. ఆయన మాట మాత్రం మాకు వినిపించింది.

"ఉండండి. ఇంకా రెండిళ్ళు రావాల."

అమ్మ అక్కడే ఆగిపోయింది. అత్త వెనకనుంచి తోస్తే గాని కదల్లేదు.

రోడ్డువాళ్ళు మే నెలలో వచ్చి హోటలూ ముందు గదీ పడగొట్టారు. ఇడ్లీ పాత్ర వెనకగదిలోకి మారింది. తినేవాళ్ళు ఇప్పుడు పక్కింటత్త అరుగు మీద కూర్చుని తింటారు. టూరిస్టులకి దారి దొరకడం లేదు గానీ ఊరివాళ్ళకి దొరుకుతోంది. శృంగవరపుకోట ఎప్పుడొస్తావని అడిగితే, పంట కోశాక అంది. పంట కోశాక మరి చైత్రం వస్తుంది కదా అంది. నేను ఇక అడగడం మానేశాను.

మొన్న వానల్లో వెళ్ళాను. పెరడు చూసి భయమేసింది. కాలు పెట్టడానికి చోటు లేదు. చోడి, సామ, కంది మోకాలెత్తు లేచాయి, వాటి మధ్య గరికా, తుంగా, పేరు తెలియని పిచ్చి మొక్కలూ వాటికంటే ఎత్తు లేచాయి. వంగ మొక్కలు ఎక్కడున్నాయో తెలియడం లేదు. కొంగు దోపి ఒక తుంగ దుబ్బు పట్టుకుని లాగబోయాను. గదిలోంచి అమ్మ అరిచింది.

"ఏటి సేత్తన్నావే? ఒగ్గేయ్."

"ఇది ఉత్త కలుపమ్మా. ఇది నిజంగా కలుపే."

ఆవిడ పిండి చేతుల్తోనే బయటికొచ్చి, నా చేతిలోంచి ఆ దుబ్బు విడిపించి, వేళ్ళ చుట్టూ మట్టి సర్దింది.

"ఎవరింటి నుంచి వచ్చిందో నీకు తెల్సా?" అంది.